ఎడమ గజ్జలో బిళ్ళలు

కొత్తగా వైద్యంలోకి వస్తున్న పిల్లలు నన్ను చూడటానికి వస్తే, దక్షిణాఫ్రికాలో పని ఎలా ఉండేదని అడుగుతారు. రిజిస్ట్రేషన్, క్వార్టర్స్, జీతం గురించి ఎవరైనా చెప్పగలరు. నేను మాత్రం వాళ్ళకు ఒక కేసు చెప్తాను. అందులో నేను రెండు తప్పులు చేశాను. మొదటిదాన్ని వారం తిరక్కుండా దిద్దుకున్నాను. దిద్దుకున్నానన్న సంతోషంలో రెండోది చేశాను. దాన్ని దిద్దే మందు అప్పటికి లేదు, ఇప్పటికీ లేదు.

ఈ మాటలు కాగితం మీద పెట్టడానికి రూత్ అనుమతి తీసుకున్నాను. ఆమె ఎవరో ముందుకు వెళ్తే తెలుస్తుంది. "నా పేరు మార్చండి, జరిగినది మార్చకండి" అంది. అలాగే చేశాను.

చెరకులో దారి

నల్లవాళ్ళు మొదటిసారి ఓటేసి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడు నేను కాకినాడ నుంచి అక్కడికి వెళ్ళాను. ఉమ్‌హ్లాలి పక్కన చెరకు తోటల మధ్య చిన్న ప్రభుత్వ క్లినిక్‌లో పోస్టింగ్ ఇచ్చారు. డాక్టర్ని నేనొక్కణ్ణే. నర్సు సిస్టర్ నోమ్‌సా, జులూ ఆవిడ, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆ క్లినిక్ నిజానికి ఆవిడది. అది నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

దారికి రెండు వైపులా చెరకు మనిషికి రెట్టింపు ఎత్తున నిలబడి ఉండేది. పొద్దున్నే మంచులో క్లినిక్‌కు వస్తుంటే ముందు మాటలు వినబడేవి, దగ్గు వినబడేది, మనుషులు మాత్రం కనబడేవారు కాదు. మలుపు తిరిగాక చూస్తే క్లినిక్ గోడ వెంట బారుగా కూర్చుని ఉండేవారు. నన్ను చూడగానే అందరూ ఒక్కసారిగా మాటలాపేసేవారు. నరికే ముందు తోటలను తగలబెడతారు. ఆ రోజుల్లో నల్లటి మసి పొడవాటి రేకులుగా గాలిలో తేలుతూ వచ్చి, పరీక్ష చేసే మంచం మీది తెల్లదుప్పటి మీద వాలేది. నోమ్‌సా ఒక్కో రోగి లేచాక దుప్పటి దులిపేది. దులిపిన కాసేపటికి మళ్ళీ నల్లబడేది.

మగవాళ్ళు ఎక్కువగా వచ్చేది గజ్జల్లో నొప్పితోనే. కానీ ఎవరూ గజ్జలు అనేవారు కాదు. నడుము అనేవారు, కడుపు అనేవారు, మోకాలనేవారు. తలుపు మూశాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పేవారు. సుఖవ్యాధులకు మాకొక అచ్చు కార్డు ఉండేది: పుండు ఉందా, స్రావం ఉందా, గజ్జల్లో బిళ్ళలు కట్టాయా, గడిచిన మూడు నెలల్లో ఎవరితో కలిశారు. గళ్ళలో టిక్కు పెట్టి, దాని ప్రకారం ఇంజెక్షనో మాత్రలో ఇచ్చి, భార్యకు ఇవ్వమని ఒక రంగు చీటీ చేతిలో పెట్టేవాళ్ళం. ఆ చీటీ తెస్తే ఆమెకు కూడా వైద్యం చేస్తాం. మంచి పద్ధతే. అయితే కార్డు అడగని ప్రశ్న డాక్టరు కూడా అడగడు. నేనూ అడగలేదు.

బూటు

డేనియల్ నాయుడు చెరకు లారీ డ్రైవరు, ఎప్పుడో చెరకు కూలీలుగా వచ్చిన తెలుగువాళ్ళ సంతతి. ముప్పై నాలుగేళ్ళ మనిషి, భుజాలు వెడల్పు, నవ్వితే చిన్నపిల్లాడిలా ఉండేవాడు. ఆ రోజు నవ్వలేదు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తల పట్టుకుని కూర్చున్నాడు. మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. కానీ నా పేరు చూడగానే తనకు వచ్చిన తెలుగు ముక్కలు తీశాడు.

"డాక్టర్, నువ్వు తెలుగు? మా అవ్వ తెలుగు. నాకు తిట్లు వస్తాది, దేవుడి మాట వస్తాది, అన్నం కూర వస్తాది. అంతే."

మంచం మీద పడుకోమన్నాను. ప్యాంటు కొంచెం కిందికి దించాడు. కుడి గజ్జలో రేగుపండంత బిళ్ళ కట్టి ఉంది. వేలు ఆనించగానే అదిరిపడ్డాడు. ఎడమ వైపు కూడా చూశాను. అక్కడ చిన్నవి మూడు, గట్టి రబ్బరు గింజల్లా వేలి కింద జారాయి. నొప్పి లేదన్నాడు. పుండు లేదు. మానిపోయి ఉంటుందనుకున్నాను.

"ఈ మధ్య వేరే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళావా?"

"లేదు, డాక్టర్. నేను రక్షింపబడిన మనిషి. పెళ్ళాం తప్ప ఎవరూ లేదు."

"మూడు నెలల్లో?"

"దేవుడు చూస్తాడు. లేదు."

నమ్మలేదు. అప్పటికే అలా చెప్పిన వాళ్ళను చాలామందిని చూశాను. పెనిసిలిన్ ఇంజెక్షన్ చేసి, ఎరిత్రోమైసిన్ మాత్రలు రాసి, భార్య కోసం రంగు చీటీ చేతిలో పెట్టాను. అతను ఆ చీటీని చాలాసేపు చూశాడు.

"ఇది రూత్‌కి ఇస్తే ఇల్లు కూలిపోతాది."

"ఇవ్వకపోతే ఆమె ఆరోగ్యం పోతుంది" అన్నాను, చాలా న్యాయంగా మాట్లాడుతున్నాననుకుంటూ.

నాలుగో రోజు తిరిగి వచ్చాడు. జ్వరం ఇంకా పెరిగింది, వెలుతురు చూడలేకపోతున్నాడు. చీటీ చదివి భార్య వెరులంలో అమ్మగారింటికి వెళ్ళిపోయిందని చెప్పాడు. చర్చిలో పాస్టర్ అతన్ని ముందు వరస నుంచి వెనక్కి కూర్చోబెట్టాడట. మందు పని చెయ్యలేదు కాబట్టి ఇంకా బలమైన మందు రాయబోతున్నాను. నోమ్‌సా ఉష్ణోగ్రత చూస్తూ అతని కాళ్ళ వైపు చూసింది.

"డాక్టర్, ఇతని బూట్లు ఎవరైనా విప్పారా?"

"ఎందుకు?"

ఆవిడ వంగి, లేసులు విప్పి, కుడి బూటూ మేజోడూ లాగేసింది. చీలమండ వెనక, మేజోడు అంచు ఒత్తుకునే చోట, పప్పుగింజంత నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి వలయం. సిగరెట్‌తో కాల్చినట్టుంది.

"ఉమ్‌ఖాజా" అంది నోమ్‌సా. చెరకు గట్ల మీద గడ్డిలో ఉండే పిడుదు. అది కుడితే అక్కడ నల్లటి మచ్చ పడుతుంది, ఆ వైపు గజ్జలో బిళ్ళ కడుతుంది, జ్వరం తల పగలగొడుతుంది. ఆ తీరంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకు తెలియదు, నేను తెలుసుకోలేదు. డాక్సీసైక్లిన్ ఇచ్చాం. మూడో రోజుకి లేచి కూర్చున్నాడు.

పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. గజ్జ చూడాలంటే కాలి వేళ్ళ నుంచి మొదలుపెట్టండి. బట్టల్లో ఉన్న మనిషిని పరీక్షించడం ఊహించడమే.

డేనియల్ బూటు వేసుకుంటుంటే నోమ్‌సా కార్డు తిరగేసి చూసింది. నా చేతిరాతే: "ఎడమ వైపు కూడా, చిన్నవి, మూడు."

"ఎడమ వైపు సంగతేంటి, డాక్టర్?"

"చెప్పుల్లేకుండా తిరిగే చోట అందరికీ ఉండేవే."

"ఈయన బూట్లు వేసుకుంటాడు కదా" అంది.

నేను నవ్వేశాను. కుడి కాలిని కుట్టిన పురుగు ఎడమ గజ్జలో బిళ్ళలు కట్టించదు. అది మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఒక కారణం చేతికి దొరికాక ఇంకోదాన్ని వెతకబుద్ధి కాదు. మా వృత్తిలో అజ్ఞానం కంటే ఎక్కువ ప్రాణాలు తీసింది ఈ తృప్తే అని నా అభిప్రాయం.

వెరులంలో నా మాట

నా చీటీ వల్ల ఇల్లు విడిపోయింది కాబట్టి నేనే వెళ్ళి చెప్పాలనుకున్నాను. అది మంచి పనే, ఇప్పుడైనా అదే చేస్తాను. కానీ అపరాధం ఒప్పుకోవడానికి వెళ్ళేవాడు తీర్పు చెప్పి రాకూడదు.

శనివారం మధ్యాహ్నం డేనియల్ పాత పికప్‌లో వెరులం వెళ్ళాం. అతను బండిలోనే కూర్చుండిపోయాడు. ఇంట్లో రూత్, ఆమె తల్లి అప్పలమ్మ ఉన్నారు. రూత్ సన్నగా పొడుగ్గా, స్కూల్లో టైపిస్టు, మాటలు తూచి మాట్లాడే మనిషి. తల్లి మాత్రం నన్ను చూడగానే పాత కోస్తా తెలుగులో మొదలుపెట్టింది.

"రా బాబు, కూకో. నువ్వు దేశం నించి వచ్చావా? ఏం చేస్తివి మా అల్లుణ్ణి?"

గజ్జల్లో బిళ్ళ కట్టిందని, నేను పొరపాటు పడ్డానని చెప్పాను. ముసలావిడ చేతిలో ఉన్న చాట కింద పెట్టింది.

"బిళ్ళ కడితే కాలు చూడలేదా? కాలుకి దెబ్బ తగిల్తే బిళ్ళ కడతాది. మా అమ్మ చెప్పేది. ఇంత చదువు చదివి కాలు చూడలేదా, సన్నాసీ?"

ఆ తిట్టు మా నాయనమ్మ నోట విన్నదే. నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. రూత్ నవ్వలేదు. టీ కప్పు నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అంటే అతనికి ఏమీ లేదంటారా?"

"పిడుదు జ్వరం. తగ్గిపోయింది. మీ ఆయన శుభ్రం."

"రక్తం చూశారా?"

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రెండు మాటలు ఆమె గొంతులోనే నాకు వినబడతాయి. ఆమెకు ఏం అడగాలో తెలుసు. ఆ రోజుల్లో రక్తం అంటే ఏ పరీక్షో విడమరచి చెప్పనక్కర్లేదు.

"అవసరం లేదు" అన్నాను.

"మీ మాట మీద వస్తున్నాను, డాక్టర్. అతని మాట మీద కాదు."

"రండి."

ఆమె పెట్టె సర్దుకుని బయటికి వచ్చింది. డేనియల్ బండి దిగి ఏడ్చాడు. వాళ్ళ చర్చిలో అలవాటే, నన్ను గట్టిగా కౌగలించుకున్నాడు. నా కుడిచెయ్యి అతని మెడ వెనక పడింది. జుట్టు అంచుకు కింద, చర్మం లోపల, చిన్న గింజలు వరసగా వేళ్ళకు తగిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నేను లెక్కపెట్టాలనుకోలేదు. వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టాయి. వేడి వస్తువు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అతను నా భుజం మీద తల పెట్టి "ప్రెయిజ్ ది లార్డ్, డాక్టర్ అన్నా" అంటున్నాడు. ఎదురుగా రూత్ పెట్టె పట్టుకుని నావైపే చూస్తోంది.

నేనేమీ అనలేదు. వాళ్ళు బండి ఎక్కారు. నేను డర్బన్‌లో పని ఉందని చెప్పి మినీబస్ టాక్సీలో వెళ్ళిపోయాను. పనేమీ లేదు. ఆ బండిలో వాళ్ళిద్దరి మధ్యా కూర్చోలేక వెళ్ళాను.

చేతికి తగిలేవి

ఆ తర్వాత నా చేతులకు ఏదో అయింది. గజ్జ నొప్పితో వచ్చిన వాడి మెడ తడిమేవాణ్ణి, చంకలు తడిమేవాణ్ణి. అవే గింజలు. కాలు బెణికిన ఆడమనిషి, పంటి నొప్పి వచ్చిన టీచరు, డ్రైవింగ్ లైసెన్సుకు సర్టిఫికెట్ అడిగిన కుర్రవాడు. నొప్పి లేనివి, అడిగితే తప్ప ఎవరూ చెప్పనివి, రక్తంలో ఆ రోగం దాగి ఉంటే ఒళ్ళంతా కట్టేవి. ఆ దేశంలో గౌరవంగా చెయ్యి కలిపేటప్పుడు రెండో చేత్తో మోచేతిని పట్టుకుంటారు. మోచేతికి లోపలి వైపు, కొంచెం పైన, ఒక బిళ్ళ ఉండే చోటుంది. మామూలుగా అది చేతికి తగలదు. నేను మనుషులతో చెయ్యి కలిపినప్పుడల్లా నా ఎడమచెయ్యి అక్కడికే పోయేది. దుకాణంలో, పెళ్ళిలో, చర్చి గుమ్మం దగ్గర. ఎదుటివాడు నవ్వుతూ వాళ్ళబ్బాయి చదువు గురించి చెప్తుంటే, నా వేలి కింద బఠాణీ గింజంత బిళ్ళ కదిలేది. అతనికి తెలియదు. నాకు తెలుసు. అలా నవ్వుతూ నిలబడి ఉన్న ఆరోగ్యవంతుల మధ్య నడుస్తుంటే, వాళ్ళ వెనకే ఇంకెవరో వస్తున్నట్టుండేది.

ఒక రోజు భోజనం వేళ నోమ్‌సాతో ఈ సంగతి చెప్పాను. పిచ్చివాడినని నవ్వుతుందేమో అనుకున్నాను.

"నేనూ చూస్తాను" అంది. "టాక్సీలో పక్కన కూర్చున్న వాళ్ళ మెడలు చూస్తాను. ఎప్పటి నుంచో చూస్తున్నాను. మీరు రాకముందు నుంచీ."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్పను?" అంది. "ఒకటి మాత్రం చెయ్యను, డాక్టర్. నా మెడ నేను పట్టుకుని చూసుకోను. తలస్నానం చేసేటప్పుడు కూడా అక్కడ వేలు పెట్టను."

నేను మా పైఅధికారి దగ్గరికి వెళ్ళాను. ఆ జిల్లాలో తల నెరిసిన డాక్టరు, చెడ్డవాడు కాదు, రోగుల కోసం కష్టపడేవాడు. ఇంతమందికి రక్తపరీక్ష చేయించాలి కదా అన్నాను.

"చేయించి?" అన్నాడు. "మందు లేదు. చెప్పిన మర్నాడు భార్యను భర్త తరిమేస్తాడు, భర్తను ఊరు తరిమేస్తుంది. తెలియకుండా ఉన్న నాలుగేళ్ళైనా సుఖంగా ఉండనీ. వెతక్కు."

అప్పుడా మాట నాకు దయలా వినిపించింది. నిజం చెప్పాలంటే, ఊపిరి తిరిగినట్టయింది. నేను డేనియల్ ఇంటికి వెళ్ళనక్కర్లేదు కదా. పిల్లలూ, రెండో మాట ఇది: పైవాడు చెప్పిన సలహా మీకు మరీ హాయిగా అనిపిస్తే, అది రోగికి మంచిదా మీకు మంచిదా అని చూసుకోండి. మందు లేకపోయినా చెప్పాల్సింది ఉంది. ఎవరి నుంచి ఎవరికి పాకకుండా చూసుకోవాలో, బిడ్డను కనాలా వద్దా అని ఎలా ఆలోచించుకోవాలో చెప్పచ్చు. ఆ ఎంపిక వాళ్ళది. నేనది దాచిపెట్టుకున్నాను.

ఆ ఏడాదంతా డేనియల్ లారీ క్లినిక్ ముందు నుంచి పోతూ హారన్ కొట్టేది. నేను కిటికీలోంచి చెయ్యి ఊపేవాణ్ణి.

గ్రేస్

వెరులం వెళ్ళొచ్చిన రెండేళ్ళకు రూత్ ఒక ఉదయం బారులో చివర కూర్చుని కనబడింది. ఒళ్ళో బిడ్డ. తొమ్మిది నెలలట, ఐదు నెలల పిల్లంత ఉంది. పేరు గ్రేస్. ఆమె వంతు వచ్చాక లోపలికి వచ్చి బిడ్డను మంచం మీద పడుకోబెట్టి, నేను చెప్పకముందే బట్టలన్నీ విప్పింది. మేజోళ్ళు కూడా.

పిల్ల నోట్లో తెల్లటి పూత. బుగ్గలు దిగిపోయాయి. మెడకు రెండు వైపులా, చంకల్లో, రెండు గజ్జల్లో అవే గింజలు. నేను తడుముతుంటే ఏడవలేదు. ముసలివాళ్ళు చూసినట్టు నన్ను చూసింది. కిటికీలోంచి మసి రేకు ఒకటి వచ్చి ఆ పిల్ల పొట్ట మీద వాలింది. రూత్ దాన్ని వేలితో తీసేయబోయింది. అది చారలా అంటుకుంది.

"మా అమ్మ ఇంటికి వచ్చి ఒక మాట చెప్పారు" అంది రూత్. "ఇప్పుడు ఈ పిల్ల మీద చెయ్యి పెట్టి మళ్ళీ చెప్పండి."

పిల్ల మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"చెప్పండి, డాక్టర్. శుభ్రం అనండి. అంటే తీసుకెళ్ళిపోతాను."

"ముగ్గురికీ రక్తం తీస్తాను" అన్నాను.

ఆమె తల ఊపింది. ఏడవలేదు, అరవలేదు. "అప్పుడు అడిగాను" అంది. అంతే.

రక్తం డర్బన్‌కు వెళ్ళి జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది. మూసిన కవర్లు మూడు వచ్చాయి. నోమ్‌సా వాటిని బల్ల మీద పెట్టి గది తలుపు వేసింది. డేనియల్, రూత్ పక్కపక్కన కూర్చున్నారు. డేనియల్ కాలర్ వదులైపోయింది. అన్నీ ఒకే జవాబు చెప్పాయి. పిల్లది ఇంకొన్నాళ్ళాగి మళ్ళీ చూడాలి, ఆ వయసులో తల్లి రక్తం ఛాయ ఉండచ్చు. అది చెప్పాను. చెప్తున్నప్పుడే మా నలుగురికీ తెలుసు, మళ్ళీ చూడనక్కర్లేదని.

"నేను అబద్ధం చెప్పలేదు" అన్నాడు డేనియల్. "మూడు నెలలు అడిగావు."

"అంతకు ముందు?"

అతను నేల వైపు చూస్తూ చెప్పాడు. "జోహాన్నెస్‌బర్గ్ లారీ నడిపేటప్పుడు ఒక మనిషి ఉండేవాడు. తాగేవాడు, ఆడవాళ్ళ దగ్గరికి పోయేవాడు. వాడు చచ్చిపోయాడు, డాక్టర్. బాప్తిస్మం నీళ్ళలో పాతిపెట్టాం. చర్చి అంతా చూసింది. నేను పైకి వచ్చాను, వాడు కిందే ఉండిపోయాడు." తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. "ఇన్నాళ్ళూ వాడు నా ఒంట్లోనే ఉన్నాడా?"

రూత్ తన చేతిని అతని చేతి మీద పెట్టింది. ఎందుకు పెట్టిందో నేనెప్పుడూ అడగలేదు.

పెళ్ళి నాటికే రూత్‌కు సోకి ఉండవచ్చు. నేను వెరులం వెళ్ళకముందే అంతా అయిపోయి ఉండవచ్చు. నాతో పనిచేసిన వాళ్ళు నన్ను ఓదార్చడానికి అలాగే అన్నారు. కానీ గ్రేస్ కడుపున పడింది రూత్ తిరిగి వచ్చాక. నా మాట మీద తిరిగి వచ్చాక. ఆ లెక్కలోంచి నేను తప్పించుకోలేను, తప్పించుకోవాలని చూడను.

ఏ రోగం అని రాయాలి

గ్రేస్ పన్నెండు నెలలు నిండకుండా పోయింది. సర్టిఫికెట్ మీద "నిమోనియా" అని రాశాను. ఆ రోజుల్లో అందరం అదే రాసేవాళ్ళం. నిమోనియా, క్షయ, విరేచనాలు. శ్మశానాలు నిండుతున్నాయి, కాగితాల మీద మాత్రం ఆ రోగం పేరు లేదు. రూత్ కాగితం తీసుకుని చదివింది.

"ఇది నా బిడ్డ రోగం కాదు" అంది.

"మీ కోసమే అలా రాశాను. చర్చిలో, స్కూల్లో..."

"మీరు మళ్ళీ నా కోసం ఏమీ చెయ్యకండి."

కొత్త కాగితం తీసుకుని ఆమె కళ్ళ ముందే మళ్ళీ రాశాను, ఆ పేరుతో. నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

శనివారం వెరులం చర్చిలో ప్రార్థన. నోమ్‌సా, నేను వెనక వరసలో కూర్చున్నాం. అరచేయి వెడల్పున్న శవపేటిక ముందు బల్ల మీద ఉంది. నిజానికి అంతకంటే పెద్దదే, నాకు అంతే అనిపించింది. పాస్టర్ "కొద్దిపాటి అనారోగ్యంతో" అన్నాడు. రూత్ లేచింది.

"పాస్టర్, నేను చెప్తాను." అందరి వైపూ తిరిగింది. "నా బిడ్డ ఎయిడ్స్‌తో చచ్చిపోయింది. నాకు ఉంది. డేనియల్‌కి ఉంది. నేను నా బిడ్డను పాతిపెడతాను. అబద్ధాన్ని పాతిపెట్టను."

దగ్గు వస్తున్నవాళ్ళు కూడా ఆపుకున్నారు. చాలామంది చేతులు వాళ్ళ వాళ్ళ మెడల దగ్గరికి పోయాయి, ఆడవాళ్ళవి చీర అంచు సర్దుకుంటున్నట్టు, మగవాళ్ళవి కాలర్ సర్దుకుంటున్నట్టు. నేను చూశాను. నోమ్‌సా కూడా చూసింది. పాస్టర్ ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పలమ్మ ఒక్కతే లేచి, కర్ర ఊతంగా ముందుకు వెళ్ళి, కూతురి పక్కన నిలబడింది. చివరి వరకూ నిలబడే ఉంది.

డేనియల్ మరుసటి చెరకు కోతకు ముందే పోయాడు. రూత్ బతికింది. చాలా ఏళ్ళ తర్వాత మందులు వచ్చినప్పుడు మా క్లినిక్ బారులో మొదట నిలబడ్డవాళ్ళలో ఆమె ఒకతె. ఇప్పటికీ వెరులంలోనే ఉంది. నన్ను క్షమించిందా అని ఒకసారి అడిగాను. "ఆ ప్రశ్న మీ కోసం అడుగుతున్నారు" అంది. మళ్ళీ అడగలేదు.

చివరగా ఒక్క రోజు సంగతి చెప్పి ఆపుతాను. ఆ చర్చి ప్రార్థన తర్వాతి సోమవారం. దట్టమైన మంచు. చెరకు మధ్య మలుపు తిరిగేదాకా ఎవరి మాటా వినబడలేదు. ఎవరూ రాలేదేమో అనుకున్నాను. తిరిగాక చూస్తే గోడ వెంట మామూలు బారుకు చివర కొత్త ఆడవాళ్ళు తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. శనివారం నాడు చర్చిలో చూసిన మొహాలే. వాళ్ళ ఊళ్ళో క్లినిక్ ఉంది. దాన్ని వదిలి, రెండు టాక్సీలు మారి, ఒకరికొకరు తెలియనట్టు దూరదూరంగా నిలబడ్డారు.

వాళ్ళలో మొదటావిడ తన వంతు వచ్చాక లోపలికి వచ్చి కూర్చుంది. పాస్టర్ గారి భార్య.

"ఏమిటి బాధ?" అన్నాను.

"మోకాలు నొప్పి, డాక్టర్."

మోకాలి మాట చెప్తూనే ఎడమ చేతిని బల్ల మీద పెట్టింది. స్వెట్టరు చెయ్యి మోచేతి పైదాకా అప్పటికే మడిచి ఉంది. తలుపు సందులోంచి బయట బారు కనబడుతోంది. మిగతా ఎనిమిదిమందీ ఆ చలిలో స్వెట్టర్ల చేతులు మోచేతి పైకి మడుచుకునే నిలబడి ఉన్నారు.

నోమ్‌సా సూది తీసింది. నేను మోకాలి గురించి అడగలేదు. "ఈ పరీక్ష ఏమిటో మీకు తెలుసా, అమ్మా?" అన్నాను.

"తెలిసే వచ్చాను" అంది ఆవిడ.